పాలకొల్లు నుంచి స్వీడన్ ఆడవాళ్ళ ఫ్లోర్‌బాల్ లీగ్ ఫాలో అవడం ఎలా

మా మేనకోడలు బుజ్జి ఓ ఆదివారం నా ఫోన్ లాక్కుని ఏదో వెతుకుతూ, "అత్తా, స్వీడన్‌లో డ్యామ్‌లకి కూడా లీగ్ ఉంటుందా?" అని అడిగింది. చూస్తే ఎస్సెస్సెల్ (అక్కడి ఫ్లోర్‌బాల్ సూపర్ లీగ్ పొట్టి పేరు) పక్కన డి, ఎ, ఎం అని మూడక్షరాలు. ధవళేశ్వరం నీళ్ళు తాగి పెరిగిన పిల్లకి డ్యామ్ అంటే ఇంకేం గుర్తొస్తుంది! స్వీడిష్‌లో ఆ మాటకి అర్థం ఆడవాళ్ళు అని, మగవాళ్ళ లీగ్ అయితే పక్కన హెర్ అని ఉంటుందని తెలుసుకోవడానికి మాకు పావుగంట పట్టింది. మీకా పావుగంట మిగిల్చాను కాబట్టి అసలు విషయానికి వస్తాను.

ఫ్లోర్‌బాల్ అంటే నాలుగు గోడల మధ్య, చెక్క నేల మీదో సింథటిక్ నేల మీదో, తేలికపాటి ప్లాస్టిక్ కర్రతో చిల్లుల బంతిని కొట్టే ఆట. స్వీడన్‌లో దీన్ని ఇన్నెబాండీ అంటారు, ఫిన్లండ్‌లో సాలిబాండీ, స్విట్జర్లండ్‌లో యూనిహాకీ. ఈ మూడు దేశాలే 1986లో స్వీడన్‌లోని హుస్క్‌వార్నా అనే ఊళ్ళో కూర్చుని అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. మన దేశం కూడా అందులో సభ్యురాలే, ఫ్లోర్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా అని ఒకటి ఉంది. కానీ వారం వారం మ్యాచ్‌లు, పాయింట్ల పట్టిక, పైకెక్కడం, కిందకి జారడం, ఇవన్నీ ఉన్న అసలు సిసలు ఆడవాళ్ళ లీగ్ చూడాలంటే ఆ దేశాల వైపే చూడాలి. ఆడవాళ్ళ ప్రపంచ కప్ మొదటిసారి 1997లో జరిగింది, స్వీడన్ గెలిచింది. 1999, 2001లో ఫిన్లండ్, 2005లో సింగపూర్‌లో స్విట్జర్లండ్. ఆ తర్వాత 2007 నుంచి 2023 దాకా జరిగిన ప్రతి ప్రపంచ కప్పూ స్వీడన్‌దే. అందుకే నేను స్వీడన్ లీగ్ పట్టుకున్నాను. మీరు ఫిన్లండ్ వాళ్ళ ఎఫ్-లీగా పట్టుకున్నా తప్పులేదు, పైగా టైమ్ విషయంలో అదే మనకి సుఖం, ఎందుకో కింద చెబుతాను.

ముందు టైమ్ లెక్క కుదుర్చుకోండి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మానేస్తారు. స్వీడన్ మనకన్నా చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక, ఎండాకాలంలో మూడున్నర. అక్టోబర్ ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, మార్చి ఆఖరి ఆదివారం మళ్ళీ ముందుకి. అంటే శనివారం అక్కడ సాయంత్రం 4కి మొదలయ్యే మ్యాచ్ డిసెంబర్‌లో మనకి రాత్రి 8:30కి, అదే సెప్టెంబర్‌లో అయితే 7:30కి. మ్యాచ్ అంటే 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, అదీ బంతి ఆగినప్పుడల్లా గడియారం ఆపి లెక్కపెట్టే 20 నిమిషాలు. మధ్యలో విరామాలు కలిపితే రెండు గంటలు ఇట్టే అయిపోతాయి. 8:30 మ్యాచ్ భోజనాలయ్యాక చూసుకోవచ్చు. వారం మధ్యలో అక్కడ రాత్రి 7కి పెట్టే మ్యాచ్ మాత్రం మనకి చలికాలంలో 11:30కి మొదలవుతుంది. దాని జోలికి పోకండి, మర్నాడు బడికో ఆఫీసుకో వెళ్ళాలి కదా, పొద్దున్నే హైలైట్లు చూసుకోండి. ఫిన్లండ్ ఇంకో గంట మనకి దగ్గర, అక్కడి 4 గంటల మ్యాచ్ చలికాలంలో మనకి 7:30. ఇంట్లో పెద్దవాళ్ళు తొమ్మిదిన్నరకి లైట్లు ఆర్పేసే బాపతు అయితే ఫిన్లండే ఖాయం చేసుకోండి. సీజన్ సెప్టెంబర్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. బేసి సంవత్సరాల్లో నవంబర్ ఆఖర్లోనో డిసెంబర్‌లోనో ప్రపంచ కప్ ఉంటుంది, ఆ రోజుల్లో లీగ్ ఆగుతుంది, కంగారు పడకండి.

చూడటం ఎక్కడ అంటే, డబ్బు పెట్టకుండా మొదలుపెట్టడానికి అంతర్జాతీయ సమాఖ్య యూట్యూబ్ ఛానల్ చాలు. పాత ప్రపంచ కప్ మ్యాచ్‌లు అందులో ఉంటాయి, నా మాట విని ముందు 2023 సింగపూర్ ఫైనల్, స్వీడన్, ఫిన్లండ్ మధ్య జరిగింది, అది పూర్తిగా చూడండి. లీగుల్లో ఆడే అమ్మాయిలే ఆ జట్లలోనూ ఉంటారు కాబట్టి మొహాలు, ఆట తీరు అలవాటవుతాయి. లీగ్ మ్యాచ్‌లు లైవ్‌లో చూడాలంటే చాలాచోట్ల డబ్బు కట్టాలి. కట్టే ముందు బయటి దేశం నుంచి చూడనిస్తారా లేదా, నెల నెలా దానంతటదే కోత పడుతుందా, ఈ రెండూ చూసుకోండి. నేను ఒక మ్యాచ్ కోసం ఒక యాప్‌లో కార్డు నెంబరు ఇచ్చి, ఆ ఒక్క మ్యాచ్‌కే అనుకుని నిశ్చింతగా ఉన్నాను, మూడు నెలలు వరసగా డబ్బులు పోయాక బ్యాంకు మెసేజ్ చూసి లబోదిబోమన్నాను. మా ఆయన ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు. మామూలుగా నేను చేసేది ఏమిటంటే, వారంలో ఒక్క మ్యాచ్ లైవ్ చూస్తాను, మిగతావి స్కోరూ హైలైట్లూ.

భాష రాదని భయపడొద్దు. ఏడెనిమిది మాటలు తెలిస్తే స్వీడిష్ సైటంతా చదివేయొచ్చు. మోల్ అంటే గోల్, మోల్‌వాక్ట్ అంటే గోల్‌కీపర్, తబెల్ అంటే పట్టిక, ఊట్‌వీస్నింగ్ అంటే రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టే శిక్ష, ఫర్లెంగ్నింగ్ అంటే అదనపు సమయం, స్లూట్‌స్పేల్ అంటే ప్లేఆఫ్స్. ఫిన్నిష్‌లో నైసెట్ అంటే ఆడవాళ్ళు, మాలి అంటే గోల్, యాహ్యు అంటే శిక్ష. ఫిన్నిష్ నాకు ఎక్కలేదు, బుజ్జికి ఎక్కింది. పట్టికలో లెక్క తేలికే, మామూలు సమయంలో గెలిస్తే 3 పాయింట్లు, అదనపు సమయంలో గెలిస్తే 2, అక్కడ ఓడినా 1.

ఇప్పుడు అసలు పని, జట్టు ఎంచుకోవడం. అందర్నీ చూద్దాం అనుకుంటే నెల తిరక్కుండా మానేస్తారు, నేను మొదటి ఏడాది చేసిన తప్పు అదే. చాలా సీజన్లుగా స్వీడన్ ఆడవాళ్ళ లీగ్‌లో 14 జట్లు, ఒక్కో జట్టుకి సీజన్‌లో 26 మ్యాచ్‌లు. ఇందులో ఒక్క జట్టుని పట్టుకుని, గెలిచినా ఓడినా ఏప్రిల్ దాకా వదలకండి. గెలిచే జట్టునే పట్టుకోవాలని లేదు, మీ మనసుకి ఏదో ఒక కారణం తగలాలి అంతే. నేను మోరా అనే ఊరి జట్టు పట్టుకున్నాను, కాయిస్ మోరా అంటారు. సిల్యాన్ అనే చెరువు ఒడ్డున ఉన్న చిన్న ఊరు, జనాభా మా పాలకొల్లులో సగం కూడా ఉండదు, అయినా దేశంలో పై లీగ్‌లో ఆడిన ఆడపిల్లల జట్టు ఉంది. మన దగ్గర ఏ ఆట తీసుకున్నా సెలెక్షన్ల కోసం ఎంత దూరం పరిగెత్తాలో తెలిసినవాళ్ళకి ఆ ముక్క గుండెల్లో గుచ్చుకుంటుంది. పెద్ద ఊళ్ళు కావాలంటే గోథెన్‌బర్గ్ దగ్గరి పిక్స్‌బో ఉంది, స్టాక్‌హోమ్ పక్కన తేబి ఉంది, ఉత్తరాన ఊమియో ఊళ్ళో థోరెన్‌గ్రూపెన్ ఉంది. ఊమియో అమ్మాయిలు దక్షిణం కొసన ఉన్న మాల్మోకి వెళ్ళి ఆడాలంటే దారి వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. గోట్లాండ్ అనే దీవి నుంచి ఎండ్రె అని ఒక క్లబ్ కూడా ఈ లీగ్‌లో ఆడింది, వాళ్ళు బయటి మ్యాచ్ ఆడాలంటే ప్రతిసారీ సముద్రం దాటాల్సిందే. నరసాపురం రేవులో పంటు కోసం కాసేపు నిలబడితేనే మనం విసుక్కుంటాం, వీళ్ళు కర్రల సంచులు వేసుకుని పడవ ఎక్కి, ఆడి, మళ్ళీ పడవ ఎక్కి రావాలి.

జట్టు కుదిరాక మ్యాచ్ చూసే పద్ధతి. బంతి వెంట పడకండి. బంతి 72 మిల్లీమీటర్ల అడ్డకొలత, 23 గ్రాముల బరువు, ఒళ్ళంతా 26 చిల్లులు, ఫోన్ తెర మీద అది కనపడదు, కనపడాలని చూస్తే తలనొప్పి వస్తుంది. మొదటి పీరియడ్‌లో గోల్‌కీపర్‌ని మాత్రమే చూడండి. ఆమె చేతిలో కర్ర ఉండదు. మోకాళ్ళ మీద కూర్చుని, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ పెట్టుకుని, 160 సెంటీమీటర్ల వెడల్పు, 115 ఎత్తు ఉన్న గోల్‌కి ఒళ్ళే అడ్డం పెడుతుంది. బంతి ఎటు ఉందో ఆమె భుజాలు చెప్పేస్తాయి. ఎడమ పక్క పాస్ పడబోతుంటే ఒక మోకాలు నేల మీద జారుతూ అటు పోతుంది, మన ఇళ్ళల్లో అరుగు తుడిచేటప్పుడు ఒక మోకాలు ఎలా జరుగుతుందో అచ్చం అలాగే. బుజ్జి ఆ జారడం చూసి ఇంట్లో గచ్చు మీద ప్రయత్నించింది, మోకాలి చిప్ప ఊడొచ్చినంత పని అయింది, వాళ్ళకి ప్యాంటు లోపల మెత్తలు ఉంటాయని అప్పుడు తెలిసింది.

రెండో పీరియడ్‌లో బెంచి చూడండి. కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, చుట్టూ అరమీటరు ఎత్తు బోర్డులు. కోర్టులో కీపర్ కాక ఐదుగురు, ఇద్దరు వెనక, ఒకరు మధ్యలో, ఇద్దరు ముందు. ఈ ఐదుగురిని కలిపి లైన్ అంటారు. నిమిషం కూడా తిరక్కుండానే ఆట ఆపకుండా లైన్ మొత్తం బోర్డు దూకి బయటికి వచ్చేస్తుంది, ఇంకో లైన్ లోపలికి దూకుతుంది. ఏ లైన్ ఎప్పుడు వస్తోందో పట్టుకున్నారంటే ఆట సగం అర్థమైనట్టే. అవతలి వాళ్ళ బలమైన లైన్ వచ్చినప్పుడు మన కోచ్ ఎవరిని దింపుతోంది, అలిసిపోయిన లైన్ బయటికి రాలేక బోర్డు మూలలో ఇరుక్కున్నప్పుడు ఏమవుతుంది, ఇవి గమనించండి, గోల్స్ చాలావరకు అక్కడే పడతాయి. పాత నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని ప్రతి గోల్‌కీ ఒక ముక్క రాయండి, ఎక్కడి నుంచి కొట్టారు, అంతకు ముందు పాస్ ఎవరిది, అంతే. పది మ్యాచ్‌లు రాసేసరికి మీకే తెలుస్తుంది, దూరం నుంచి బలంగా కొట్టినవాటికన్నా గోల్ ముందు కర్ర పెట్టి నిలబడ్డ అమ్మాయికి అడ్డంగా వచ్చిన పాస్‌లే ఎక్కువ లోపలికి పోతాయి.

రూల్స్ కొన్ని తెలుసుకోవాలి, అన్నీ అక్కర్లేదు. బంతిని చేత్తో, తలతో ఆడకూడదు. కాలితో ఆపుకుని కర్ర దగ్గరకి తెచ్చుకోవచ్చు, కానీ కాలితో తన్ని గోల్ వేస్తే చెల్లదు. అవతలి అమ్మాయి కర్రని కొట్టకూడదు, ఎత్తకూడదు, మోకాలి పైన ఉన్న బంతిని కర్రతో కొట్టకూడదు. పెద్ద తప్పు చేస్తే రెండు నిమిషాలు బయట, ఆ సమయంలో నలుగురితోనే ఆడాలి, ఈలోగా అవతలి వాళ్ళు గోల్ వేస్తే శిక్ష అక్కడితో సరి. చివరి రెండు మూడు నిమిషాల్లో ఒక గోల్ వెనక ఉన్న జట్టు కీపర్‌ని బయటికి పిలిచి ఆరో ఆటగత్తెని దింపుతుంది. అప్పుడు లేచి నిలబడి చూడాల్సిందే. ఖాళీ గోల్‌లోకి అవతలివాళ్ళు కోర్టు ఆ చివర నుంచి బంతి దొర్లిస్తే, అది మెల్లగా, మెల్లగా వెళ్తుంటే వెనక పరిగెత్తే అమ్మాయిని చూడలేక నేను కళ్ళు మూసుకుంటాను.

ప్లేఆఫ్స్‌లో ఒక తమాషా ఉంది, అది తప్పిపోవద్దు. 26 మ్యాచ్‌లయ్యాక పై ఎనిమిది జట్లు క్వార్టర్ ఫైనల్స్‌కి వెళ్తాయి, కానీ ఎవరితో ఎవరు అన్నది పట్టిక తేల్చదు. పైన నిలిచిన జట్లు కింది నాలుగు జట్లలోంచి తమ ప్రత్యర్థిని తామే ఎంచుకుంటాయి. అచ్చం పెళ్ళిచూపుల వ్యవహారం అనుకోండి, కాకపోతే ఇక్కడ ఎంపికైనవాళ్ళు సంతోషించరు, "మమ్మల్ని చేతకానివాళ్ళనుకున్నారా" అని పళ్ళు నూరుకుంటారు. అలా ఎంపికైన జట్టు రెచ్చిపోయి ఆడితే చూడాలి మజా. సెమీస్ దాకా ఇద్దరి మధ్య వరసగా మ్యాచ్‌లు, ఫైనల్ మాత్రం ఒకే ఒక్క మ్యాచ్, పెద్ద స్టేడియంలో. 2020లో కోవిడ్ వల్ల ఆ ఫైనల్ జరగనే లేదు, సీజన్ అంతా ఆడి మార్చిలో ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఫిన్లండ్ వాళ్ళు ఫైనల్ కూడా వరస మ్యాచ్‌లుగానే ఆడతారు, నాకైతే ఒక్క మ్యాచ్ పద్ధతే ఇష్టం, టెన్షన్ అంతా ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది.

ఇక చూస్తూ చూస్తూ ఉంటే ఆడాలనిపిస్తుంది, అది ఎలాగూ తప్పదు, కాబట్టి ఆ సంగతి కూడా. మొదట బయట ఆడదామని కళ్ళంలోకి వెళ్ళాం. సిమెంటు గరుకు, పైగా కాలవ గట్టు మీంచి వచ్చే గాలికి ఆ 23 గ్రాముల బంతి నేరుగా పోదు, కొట్టింది ఒకవైపు, పోయింది పక్కవాళ్ళ వరికుప్పలోకి. లోపల నేల కావాలి. మన ఊళ్ళల్లో ఇండోర్ స్టేడియం ఎక్కడుంటుందండీ అంటారేమో, ఊరికి రెండు ఫంక్షన్ హాళ్ళు లేని చోటు గోదావరి జిల్లాల్లో చూపించండి చూద్దాం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, పైన మూఢం, ఈ రోజుల్లో పెళ్ళిళ్ళు ఉండవు, హాళ్ళు బోసిగా ఉంటాయి. అప్పుడు వెళ్ళి ఓనర్ గారిని మర్యాదగా అడగండి. పుష్యమాసం అయితే సంక్రాంతి సెలవలు కూడా కలిసొస్తాయి, హాస్టళ్ళలో ఉన్న పిల్లలందరూ ఇంటి దగ్గరే ఉంటారు. ఓనర్ గారు అడిగే మొదటి ప్రశ్న నేల పాడవుతుందా అని. నల్ల అడుగు బూట్లు వేసుకుంటే గ్రానైట్ మీద చారలు పడతాయి, తెల్లవో గోధుమరంగువో రబ్బరు అడుగు బూట్లు వేసుకు రమ్మని పిల్లలకి ముందే చెప్పండి. రాగానే తడి గుడ్డ పెట్టి తుడవండి, దుమ్ము ఉన్న గ్రానైట్ మీద పరిగెత్తడం ఆవకాయ నూనె మీద పరిగెత్తినట్టే.

హాలు 40 మీటర్లు ఉండదు, ముగ్గురు ముగ్గురు చొప్పున ఆడుకోండి. బోర్డులకి భోజనాల బల్లలు పడుకోబెడితే సరిపోతుంది, మడిచే రకం అయితే మరీ మంచిది, కాళ్ళు మడిచి అంచు మీద నిలబెట్టి వెనక ఇటుకలు పెట్టాం. బంతి తగిలితే డబ్బా కొట్టినట్టు మోగుతుంది, అదో ఆనందం. గోల్‌కి 20 అడుగుల పీవీసీ పైపులు రెండు, కొన్ని ఎల్బోలు, టీలు చాలు, ముందు చట్రం 160కి 115, లోతు 65 సెంటీమీటర్లు. వల మాత్రం కొనకండి, నరసాపురం వైపు తెలిసినవాళ్ళుంటే చిరిగిన చేపల వల అడగండి, మాకు ఊరికే ఇచ్చారు, వాసన పోవడానికి మూడు సార్లు ఉతికాం. పెద్ద పెడెస్టల్ ఫ్యాన్లు ఆపేయండి, ఎంత ఉక్కగా ఉన్నా సరే, లేకపోతే బంతి వంకర తిరుగుతుంది.

కర్రలు మాత్రం కొనాల్సిందే, హాకీ కర్రతో ఇది ఆడలేం. నిలబెడితే బొడ్డు దగ్గరికో ఒక అంగుళం పైకో రావాలి. కొనేటప్పుడు బ్లేడు కుడిదా ఎడమదా చూసుకోండి, కింద ఏ చెయ్యి ఉంటుందో ఆ వైపు బ్లేడు. పొడుగు కర్ర ఉన్న చీపురు రెండు చేతులకీ ఇచ్చి ఊడ్చమనండి, ఏ చెయ్యి కిందకి పోతుందో అదే, ఇంతకన్నా మంచి పరీక్ష నాకు దొరకలేదు. ఫ్లెక్స్ అని ఒక అంకె రాసి ఉంటుంది, అంకె పెద్దదైన కొద్దీ కర్ర మెత్తన, కొత్త పిల్లలకి 30 పైన ఉన్నది తీసుకోండి. స్కూల్లో హాకీ ఆడిన పిల్లలైతే ఒక్క వైపుతోనే కొట్టే అలవాటు ఉంటుంది, ఇక్కడ బ్లేడు రెండు వైపులా వాడొచ్చు, ఆ అలవాటు మానిపించడానికి మాకు ఒక వారం పట్టింది. కళ్ళకి ప్లాస్టిక్ అద్దాలు తప్పనిసరి, కర్ర పైకి లేస్తే నేరుగా అక్కడికే వస్తుంది, ఆ దేశాల్లో కూడా పిల్లలకి తప్పనిసరి చేసిన చోట్లు ఉన్నాయి. ఇందులో బేరాలాడొద్దు.

మేం సాయంత్రం ఆరుకి మొదలుపెట్టి ఏడున్నరకి ఆపుతాం. బల్లలు తుడిచి, కాళ్ళు విప్పి, ఎక్కడివక్కడ పెట్టి, వాచ్‌మన్ బాబాయి లెక్క చూసుకున్నాక తాళం. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తినేసరికి ఎనిమిదింపావు అవుతుంది, మోరా మ్యాచ్ ఎనిమిదిన్నరకి.